ఫోటోలో నల్ల చుక్క, భుజాన మందు ట్యాంకు

ఊళ్లలో ఇప్పుడొక కొత్త రకం వైద్యం నడుస్తోంది. చేలో పురుగు కనబడగానే రైతు సెల్‌ఫోను తీసి ఫోటో కొడతాడు. దాన్ని మందుల కొట్టాయనకు వాట్సాప్‌లో పంపుతాడు. కొట్టాయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేవకుండానే తెగులేదో చెప్పేస్తాడు, మందు రాసేస్తాడు, దాని ఖరీదు ఖాతాలోనూ రాసేస్తాడు. పొద్దుగూకేసరికి మందు డబ్బాలు ఊరు చేరతాయి. మర్నాడు తెల్లారకముందే మన కూలీల్లో ఒకడు ట్యాంకు భుజానికెత్తుకుని చేలోకి దిగుతాడు.

ఈ వరసలో చివర నిలబడ్డవాడు ఎవడో చూశారు గదా! అందుకే ఇది రైతుకూ కొట్టు యజమానికీ మధ్య వ్యవహారం, మనకెందుకులే అని ఊరుకోవడానికి వీల్లేదు. ఫోటో చూసి చెప్పిన మాట తప్పయితే రైతుకు డబ్బు పోతుంది. ఆ తప్పుడు మందు పీల్చేది మాత్రం కూలీ.

2021 చలికాలంలో మేము పల్నాటి పల్లెలు తిరుగుతున్నాం. అప్పటికి అదింకా గుంటూరు జిల్లాలోనే ఉంది, వేరే జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో. కోతకూలి రేట్ల మీద మాట్లాడదామని పోయాం. ఏ ఊళ్లోనూ రేట్ల మాట ఎత్తినవాడు లేడు. ఎవరిని కదిలించినా ఒకటే గోడు: మిరప పూలల్లో చిన్న చిన్న నల్ల ఈగలు. కొందరు నల్ల దోమ అన్నారు, కొందరు నల్ల నల్లి అన్నారు. ఒక కౌలురైతు తన ఫోను తీసి మా చేతిలో పెట్టి, "నువ్వన్నా చెప్పన్నా, ఇదేందో" అన్నాడు. చూశాం. తెల్లటి మిరప పువ్వు, నడిమధ్యలో నాలుగైదు నల్ల చుక్కలు. అంతకు మించి ఏమీ లేదు. ఈగంటే ఈగ, దోమంటే దోమ, మసి రాలిందంటే మసి. వేళ్లతో లాగి పెద్దది చేస్తే చుక్కలు మరింత మసకబారాయి.

ఆ ఫోటోనే అతను ముగ్గురికి పంపించాడు. ఒకాయన పేనుబంక అన్నాడట. ఇంకొకాయన నల్లి అన్నాడట. మూడో ఆయన పేరేమీ చెప్పకుండానే నాలుగు రకాలు కలిపి కొట్టమన్నాడట. పాపం, అతను ముగ్గురి మాటా విన్నాడు. వారానికి రెండు తడవలు కొట్టించాడు. పూత రాలిపోయింది. సంక్రాంతి దాటాక ట్రాక్టరు పెట్టి చేను దున్నించేశాడు. కొట్లో బాకీ, కౌలు బాకీ మిగిలాయి. అతని చేలో మందు కొట్టిన కుర్రాడు మా సంఘం మనిషే. నెల రోజులపాటు అన్నం సహించలేదని, రాత్రిళ్లు కళ్లు మంటలని చెప్పాడు. వాడి బాకీ ఎవరి ఖాతాలో రాయాలి?

ఇంతకీ అది ఈగ కాదు, దోమా కాదు. ఈగకు రెండే రెక్కలు. దీనికి నాలుగు. అవి కూడా మామూలు రెక్కల్లా వెడల్పుగా ఉండవు. సన్నటి పుల్లకు రెండు పక్కలా వెంట్రుకలు గుచ్చినట్టు, పక్షి ఈకలాగా ఉంటాయి. ఇది తామర పురుగు జాతి. మిరప వేసే రైతుకు తామర పురుగు కొత్తేమీ కాదు. కాకపోతే తరతరాలుగా ఎరిగున్న తామర పురుగు లేత పసుపు రంగుది, లేతాకుల అడుగున చేరి రసం పీల్చేది. ఆకు అంచులు పైకి ముడుచుకుని దోనెలాగా అవుతాయి. దాన్నే మనవాళ్లు పై ముడత అంటారు. కొత్తగా దిగింది నల్లది, ముఖ్యంగా పూలల్లో గుంపుగా చేరేది. పువ్వును గీకి రసం తాగుతుంది. పూత రాలిపోతుంది. నిలిచిన పిందె వంకర తిరుగుతుంది.

శాస్త్రవేత్తలు దీనికి పెట్టిన పేరు త్రిప్స్ పార్విస్పైనస్. ఆగ్నేయాసియా దేశాల పురుగు. మన దేశంలో ఇది ఉందని మొదట తేలింది 2015లో, బెంగళూరు దగ్గర బొప్పాయి మీద. 2021 మొదట్లో గుంటూరు ప్రాంతపు మిరప పూలలో కనబడింది. ఆ సంవత్సరం చివరికల్లా ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక మిరప చేలను కమ్మేసింది. అప్పుల్లో కూరుకుపోయిన మిరప రైతుల ఆత్మహత్యల వార్తలు ఆ శీతాకాలమంతా పత్రికల్లో చదివాం. బొప్పాయి మీద తేలినప్పటికీ మిరపను తినేసినప్పటికీ మధ్య ఆరేళ్లున్నాయి. ఆ ఆరేళ్లలో పల్లెలో ఒక్క మనిషికైనా ఈ పురుగు ఇలా ఉంటుందని ఎవరైనా చూపించారా? మేము తిరిగిన ఊళ్లలో చూపించినవాళ్లు లేరు.

ఇప్పుడు ఫోటో సంగతికి వద్దాం. ఈ పురుగు పొడవు ఒక మిల్లీమీటరు. ఆవగింజ కంటే సన్నం. ఇంకో తిరకాసు కూడా ఉంది. ఆడ పురుగే నల్లగా ఉంటుంది. మగది అంతకంటే చిన్నది, పసుపు రంగుది. పిల్లలు కూడా పసుపువే. ఫోటోలో నల్లవాటి కోసమే వెతికేవాడు దీని సంసారంలో సగాన్ని చూడనే చూడడు. సరే, నల్లది కనబడిందే అనుకుందాం. పూలల్లో కాపురముండే నల్ల తామర పురుగులు ఇదొక్కటే కాదు, మన దేశంలోనే ఇంకా కొన్ని రకాలున్నాయి. ఏది ఏదో తేల్చాలంటే పురుగును గాజుపలక మీద పరిచి సూక్ష్మదర్శిని కింద పెట్టాలి. మీసంలో కణుపులు లెక్కపెట్టాలి. దీనికి ఏడు, ఇంకొక జాతికి ఎనిమిది. ముందు రెక్క మొదలు లేతగా ఉందా, లేదా చూడాలి. పొట్ట పలకల మీద వెంట్రుకలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకాలి. పండితులు అంత తంటాలు పడి తేల్చే సంగతిని గాలికి ఊగే పువ్వు మీద, చెయ్యి వణుకుతుండగా తీసిన ఫోటో చూసి కొట్టాయన అరనిమిషంలో తేల్చేస్తున్నాడు!

దీనికంటే దారుణమైన సంగతి ఇంకొకటుంది. అవే పూలల్లో మరో చిన్న నల్ల పురుగు తిరుగుతుంది. పేరు ఓరియస్. రెండు మిల్లీమీటర్లుంటుంది. నలుపు మీద కొంచెం తెలుపు, ముందు సూదిలాంటి మూతి. తామర పురుగులను పొడిచి రసం పీల్చి చంపడమే దాని పని. అది రైతుకు చుట్టం. జీతం బత్తెం అడక్కుండా చేలో పనిచేసే కూలీ అనుకోండి. ఫోటోలో అదీ నల్ల చుక్కే. "నల్ల పురుగు కనబడింది, కొట్టెయ్" అంటే శత్రువుతోపాటు చుట్టమూ చస్తుంది. శత్రువు వారంలో మళ్లీ పుడుతుంది, ఎందుకంటే దాని పిల్లల్లో చాలా వరకు పువ్వు పొరల్లో దాక్కుని మందు తగలకుండా మిగులుతాయి, కోశస్థ దశ నేలలో ఉంటుంది. చుట్టం అంత తొందరగా తిరిగి రాదు.

ఇది మేము కల్పించి చెబుతున్నది కాదు. మన పెద్దలు కళ్లారా చూసిందే. 1980ల నడుమ ఇదే గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి మీద సింథటిక్ పైరిత్రాయిడ్ మందులను ఎడాపెడా కొట్టారు. కాయ తొలిచే పురుగు చావకపోగా ఏనాడూ అంతగా లెక్కలోకి రాని తెల్లదోమ పొలాల మీద మబ్బులా లేచింది. మళ్లీ మందు, మళ్లీ అప్పు. 1987–88లో అక్కడి పత్తి రైతులు ఆ మందే తాగి చచ్చిపోయిన కథ మా ఇళ్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2021లో నల్ల తామర పురుగు వచ్చినప్పుడు బెంగళూరులోని జాతీయ వ్యవసాయ కీటక వనరుల సంస్థ వాళ్లు, విశ్వవిద్యాలయాల వాళ్లు చెప్పింది కూడా అదే. పైరిత్రాయిడ్లు వాడొద్దు, నాలుగైదు మందులు కలిపి కొట్టొద్దు, నత్రజని ఎరువు అదేపనిగా గుప్పించొద్దు, నీలం రంగు జిగురు అట్టలు పెట్టండి, వేపనూనె కొట్టండి, బవేరియా వంటి శిలీంధ్రపు మందు వాడండి అన్నారు. మాట మంచిదే. ఆ మాట కాగితం మీద ఊరు చేరేసరికి కొట్టాయన వాట్సాప్ మూడు తడవలు చేరి పోయింది.

పురుగు పేరు తప్పు చెబితే ఎంత తేడా వస్తుందో ఒక్క ముడత సంగతే చూడండి. ఆకు పైకి ముడిస్తే తామర పురుగు. కిందికి ముడిచి తిరగేసిన దోనెలాగా అయి కాడ సాగితే నల్లి. నల్లికి ఎనిమిది కాళ్లు, అది పురుగుల జాతే కాదు, దాని మందు వేరు. ఇంకొకటి తెల్లదోమ మోసుకొచ్చే వైరస్, బొబ్బర తెగులు. దానికి ఆ మొక్కకు ఏ మందు కొట్టినా లాభం లేదు, పీకి పారెయ్యాలి. ఈ మూడింటినీ కలిపి "ముడత" అని ఒక్క మాటలో అనేస్తే కొట్లో మూడు డబ్బాలూ అమ్ముడుపోతాయి. పేరు తెలియకపోవడం వల్ల ఎవరికి లాభమో దీన్నిబట్టి తెలుస్తూనే ఉంది. కొట్టాయన దుర్మార్గుడని కాదు మేమనేది. అతనికీ పైనుంచి కంపెనీ పెట్టిన లెక్క ఉంటుంది, ఈ సీజనులో ఇన్ని డబ్బాలు కదలాలని. జబ్బు చెప్పేవాడూ మందు అమ్మేవాడూ ఒకడే అయినప్పుడు "ఈసారికి మందేమీ అక్కర్లేదు" అనే మాట అతని నోట ఎన్నిసార్లు వస్తుందో మీరే చెప్పండి.

ఇక మన కూలీల మాట. మందు కొట్టే పని ఎక్కువగా ట్యాంకుల లెక్కన ఒప్పుకుంటున్నాం. ఎన్ని ట్యాంకులు కొడితే అంత డబ్బు. తడవలు పెరిగితే మనకూ పని పెరిగినట్టు లోలోపల ఒక తృప్తి ఉంటుంది, దాచుకోవడమెందుకు! మా సంఘంలోనే కొందరు ఆ మాట పైకే అన్నారు. వాళ్లకు మేము యవత్మాల్ సంగతి చెప్పాం. 2017లో మహారాష్ట్రలోని ఆ జిల్లాలో పత్తి చేలకు మందు కొడుతూ ఇరవై మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. మందు మీద మందు కలిపి, మనిషి ఎత్తు పెరిగిన పత్తిలో, ముక్కుకు గుడ్డ కూడా లేకుండా కొట్టినవాళ్లు వాళ్లు. మన చేలల్లో కొట్టే తీరు దానికంటే ఏ మాత్రం భిన్నంగా ఉందో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

ఆడకూలీలది మరో కథ. మందు కొట్టిన మూడో రోజే కాయ కోతకు పిలుస్తారు. కొంగుతో ముఖం చుట్టుకుని కోస్తారు. మధ్యాహ్నం ఆ చేతులతోనే సద్ది తింటారు. కర్నూలు పడమటి ఊళ్ల నుంచి సుగ్గికి వచ్చే కుటుంబాలైతే ఆ చేల గట్ల మీదనే గుడారాలు వేసుకుని పిల్లాపాపలతో ఉంటాయి. ఏటా కాయ కోతతో అప్పులు తీర్చుకునే ఆ జనంలో కొందరు 2022 జనవరిలో కోసేందుకు కాయ లేక తిరుగుబండి ఎక్కడం మేము చూశాం.

ఆ రోజుల్లోనే ఒక పెద్దమ్మ మాకు బుద్ధి చెప్పింది. మీటింగులో మేము శాస్త్రవేత్తలు, అధికారులు అని ఏదో మాట్లాడుతుంటే ఆమె వెనక నుంచి లేచింది. "ఆ ముదనష్టపు నల్లయ్యి దసరా నాటికే మాకు కనపడినయ్యి నాయనా. కలుపు తీస్తా ఉంటే పూలల్లోంచి చేతుల మీదికి పాకేయి, చురుక్కుమనేయి. మమ్మల్ని ఎవరడిగారు?" అంది. మేము తల వంచుకున్నాం. నిజమే, మేమూ అడగలేదు. రైతు వారానికోసారి గట్టు మీద నిలబడి చూస్తాడు. వ్యవసాయాధికారి సీజనుకు ఒకసారి వస్తాడు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ప్రతి మొక్క దగ్గరా వంగేది కూలి ఆడవాళ్లే. వాళ్ల కళ్లు ముందు పట్టుకున్న సంగతి నెలన్నర తర్వాత ఫోటోగా మారి మందుల కొట్టుకు చేరింది.

ఫోటోలే వద్దని మేము అనడం లేదు. అలా అంటే మమ్మల్ని పాతకాలపు మనుషులంటారు, అందులో తప్పు కూడా లేదు. కొన్నింటికి ఫోటో చాలు. 2018లో కర్ణాటకలో దిగి మన మొక్కజొన్నను పట్టుకున్న కత్తెర పురుగును తీసుకోండి. తల మీద తిరగేసిన వై ఆకారపు గీత, తోక దగ్గర చదరంగా నాలుగు చుక్కలు. వేలెడంత పురుగు కాబట్టి ఫోటోలో స్పష్టంగా పడుతుంది. ఫోటో చూసి చీడ చెప్పే యాప్‌లు 2017 నుంచే తెలుగులో ఉన్నాయి. 2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం కూడా జాతీయ చీడపీడల నిఘా వ్యవస్థ అని ఒకటి మొదలుపెట్టింది. కృత్రిమ మేధతో 61 పంటల మీద చీడలు చెబుతుందన్నారు. మంచిదే. కానీ యంత్రానికి ఎన్ని పురుగులు నేర్పితే అన్నే తెలుస్తాయి. పరాయి దేశం నుంచి నిన్న దిగిన పురుగును దానికి ఎవరూ నేర్పి ఉండరు. అది తనకు తెలిసిన పేర్లలో దగ్గరిదేదో చెబుతుంది. పైగా ఒక మిల్లీమీటరు పురుగు ఫోటోలోనే సరిగా పడనప్పుడు యంత్రం మాత్రం ఏం చేస్తుంది?

అందుకని మా సంఘం తరఫున చిన్న ప్రయత్నం చేశాం. పదింతలు పెద్దదిగా చూపే భూతద్దాలు నాలుగు కొన్నాం. ఒక బీడీ కట్టంత ఉంటుంది, జాకెట్టులో పెట్టుకోవచ్చు. తెల్ల కాగితం పట్టుకుని దాని మీద పది పూలు దులపాలి. రాలినవి అద్దంలో చూడాలి. సన్నగా, పొడుగ్గా ఉండి పాకుతుంటే తామర పురుగు. కొంచెం లావుగా కోలగా ఉండి, చురుగ్గా పరుగెత్తుతూ, సూది మూతి కనబడితే అది చుట్టం, దాన్ని వదిలెయ్యాలి. పసుపు పిల్లలెన్ని, నల్లవెన్ని అని లెక్క రాసుకోవాలి. పేరు కచ్చితంగా తేలాలంటే ఫోటో కాదు, పురుగునే పంపాలి. చిన్న సీసాలో స్పిరిటు పోసి పూలతో సహా అందులో దులిపి, ఊరు పేరు, తేదీ, పంట పేరు చీటీ మీద పెన్సిలుతో రాసి అందులోనే వెయ్యాలి. పెన్నుతో రాస్తే స్పిరిటుకు కరిగిపోతుంది, మేము మొదట అలాగే పాడుచేశాం. చదువురాని ఆడవాళ్లు ఒక్క పూటలో ఇదంతా నేర్చుకున్నారు. ముడత ఏదో, నల్లి ఏదో మాకంటే వాళ్లే ముందు చెబుతున్నారు.

ఇది కొత్త సంగతి కాదు. ఇండోనేషియాలో 1986లో వరి మీద వాడే 57 పురుగుమందులను ప్రభుత్వం నిషేధించింది. మందులు కొట్టీకొట్టీ సుడిదోమను తామే పెంచుకున్నామని తెలిశాక చేసిన పని అది. 1989 నుంచి రైతులకు చేలల్లోనే పురుగులను గుర్తుపట్టడం నేర్పే బడులు పెట్టారు. మన దగ్గర పొలంబడి అని పిలిచేది అదే. కానీ మన పొలంబడిలో పేర్లు రాసుకునేది పట్టాదారు పాసుపుస్తకం ఉన్నవాళ్లవే ఎక్కువ. చేలో వంగేవాళ్లు గట్టు మీదే నిలబడిపోయారు.

మేము అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. ఆంధ్రలో రైతు సేవా కేంద్రాలున్నాయి, తెలంగాణలో రైతు వేదికలున్నాయి. భవనాలకు రంగులు వేసినంత శ్రద్ధగా ఒక్కో మండలంలో ఒక్కో సూక్ష్మదర్శిని, దాన్ని వాడడం వచ్చిన మనిషిని పెట్టండి. పురుగు పేరు రెండు రోజుల్లో ఉచితంగా చెప్పండి. పొలంబడిలో కూలీలను కూర్చోబెట్టండి, ఆ రోజు కూలి ఇవ్వండి. మందు అమ్మినవాడు బిల్లు మీద ఏ పురుగుకు ఇస్తున్నాడో దాని పేరు రాయాలి, ఎవరు చూసి చెప్పారో కూడా రాయాలి. ఈ చివరి మాటకే ఒక కొట్టాయన మా మీద కోప్పడ్డాడు. "పేరు రాస్తే రేపు కోర్టుకెక్కుతారు గదండీ" అన్నాడు. అంటే పేరు తెలియకుండానే అమ్ముతున్నానని అతనే ఒప్పుకున్నాడన్నమాట.

కూలీలకు మా మాట ఇది: రేపు ట్యాంకు ఎత్తమన్నప్పుడు, "ఏ పురుగుకు? ఎవరు చూశారు?" అని అడగండి. డబ్బా మీది త్రికోణం చూడండి. ఎరుపు అయితే అత్యంత విషం, దాని తర్వాత పసుపు, ఆ తర్వాత నీలం, ఆకుపచ్చ. ఎరుపు, పసుపు అయితే ముసుగు, చేతి తొడుగులు ఇచ్చేదాకా ట్యాంకు ముట్టవద్దు. పేరు చెప్పలేకపోతే తెల్ల కాగితం తెమ్మనండి, అక్కడే పది పూలు దులిపి చూపించండి. పోయిన సీజనులో మా దగ్గర ఒక ఊళ్లో అలాగే చేశారు. కాగితం మీద తామర పురుగులు రెండు మూడు రాలాయి, చుట్టాలు నాలుగు రాలాయి. రైతు కాసేపు గింజుకున్నాడు. కొనుక్కొచ్చిన డబ్బాలు తిరిగివ్వడం ఎలాగని మథనపడ్డాడు. చివరికి ఆ వారం మందు ఆపి నీలం అట్టలు కట్టించాడు. అట్టలు కట్టిన ఇద్దరు ఆడవాళ్లకు ఆ పూట కూలి ముట్టింది. డబ్బాలు మాత్రం కొట్టాయన వాపసు తీసుకోలేదు, అవి ఇప్పటికీ అతని పశువుల కొట్టంలో అటక మీదనే ఉన్నాయి.